నేను రాసిచ్చిన నవ్వు

బద్వేలు, 1955 జనవరి, శుక్రవారం రాత్రి.

నిన్న కమ్యూనిస్టు పార్టీ వాళ్ల బుర్రకథకు ఊరంతా వచ్చింది. హాస్యం చెప్పే వంతగాడు మా సేద్యగాడు ఓబులేసు. అతనికి మాటలు రాసిచ్చింది నేనని బుర్రకథ దళంలో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. కాలేజీలో చదివిన సమసమాజమంతా ఆ రెండు కాగితాల్లో పెట్టేశాననుకున్నాను.

నాయన రాత్రిళ్లు లేచి గింజల గది తాళం లాగి చూసుకోవడం కూడా రాశాను. ఓబులేసు అచ్చం అలాగే లాగి, "నిద్రపో రెడ్డీ, ఈ గింజలు పండించినోళ్లకు లేచొచ్చి దొంగతనం చేసే ఓపిక యాడుండాది?" అన్నాడు. జనం పడీపడీ నవ్వారు. నాయనా నవ్వాడు, అందరికన్నా ఆలస్యంగా.

ఆ తాళం లాగడం ఇంట్లో వాళ్లకే తెలిసిన సంగతి. రాసేటప్పుడు నాకా ఆలోచనే రాలేదు. ఎలక్షన్ల ముందు కూలీల ఓట్లు పోతాయని కాబోలు, నాయన ఓబులేసును ఏమీ అనలేదు. మా ఇంట్లో కసువూడ్చే అతని భార్య నర్సమ్మను మాత్రం పొద్దున వాకిట్లోనే ఆపేశాడు. "ఇంటి గుట్టు బయటేసినావు. ఇంక రావద్దు."

"నేను యాడా చెప్పలేదు పాపా. అయ్యకు నువ్వన్నా చెప్పు," అంది నర్సమ్మ. ఓబులేసు ఆమెకు కూడా నా పేరు చెప్పలేదన్నమాట.

చెప్తానన్నాను. సాయంత్రం నుంచి రెండుసార్లు నాయన ముందుకు వెళ్లి నిలబడ్డాను. రెండుసార్లూ మంచినీళ్లు కావాలా అని అడిగి వచ్చేశాను.