బార్డర్‌లో ఆగిన బండి

డిసెంబర్ 30, మంగళవారం

సౌదీ బాంబులు వేసిందట. ఎమిరేట్స్ మీద కాదు, యెమెన్‌లో ఒక రేవు మీద. కానీ ఆ రేవులో దిగిన సామాను ఎమిరేట్స్ పంపిందే అంటోందట సౌదీ. ఇన్నేళ్లూ రెండూ ఒకటే జట్టు. ఇప్పుడు ఒకదాన్ని చూసి ఒకటి పళ్లు కొరుకుతున్నాయి.

మా ఆయన మునవ్వర్ దుబాయ్ నుంచి రియాద్‌కు ట్రెయిలర్ నడుపుతాడు. నెలకు మూడు నాలుగు సార్లు ఆ రెండు దేశాల బార్డర్ దాటుతాడు.

మా మామ అబ్దుల్ వహాబ్ పొద్దున్నుంచి టీవీలో యూట్యూబ్ వార్తలు పెట్టుకుని కూర్చున్నాడు. ఫుల్ సౌండ్. గద్వాల డిపోలో బస్సు నడిపి రిటైరైన మనిషి. శత్రువులు కొట్లాడుకుంటే భయం లేదట. "ఒక్క ఇంటోల్లు కొట్లాడితేనే ఖతర్నాక్. యాడ ఏ దర్వాజ ఉందో ఇద్దరికీ ఎరుకే" అన్నాడు.

ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. నేను చదివింది తెలుగు మీడియం, అంగన్‌వాడీలో చెప్పేదీ తెలుగే. మామకు తెలుగు బస్సు బోర్డు చదివే వరకే వచ్చు. అందుకే ఈ డైరీలో తెలుగులో రాస్తున్నాను. భయమేస్తోందని ఇంట్లో పైకి అనలేను.

సాయంత్రం మునవ్వర్‌కు ఫోన్ చేశాను. నవ్వాడు. పెద్దోళ్ల లొల్లి మనకెందుకన్నాడు. టైల్స్ లోడ్ ఉందట, రేపు బయలుదేరుతాడట.

వెళ్లొద్దని అనబోయి ఊరుకున్నాను.


డిసెంబర్ 31

పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి లెక్క తప్పాను. ఆయా రెండుసార్లు పిలిచిందట, వినపడలేదు.


జనవరి 2, శుక్రవారం

ఎమిరేట్స్ దాటాడు. సౌదీ వైపు చెకింగ్ యార్డులో ఆగిపోయాడు. ముందు వందల బండ్లున్నాయట. మామూలుగా ఒక మెషిన్ కింద నుంచి పంపేవాళ్లు. ఇప్పుడు ఒక్కొక్క బండి తాడు విప్పించి, పెట్టెలు కిందికి దింపించి చూస్తున్నారట. ఎవరూ ఎవరితో మాట్లాడడం లేదట. డ్రైవర్లు చాయ్ కూడా బండ్లోనే కాచుకుంటున్నారట.

ఆయనకు షుగర్, రోజూ సూది వేసుకోవాలి. ఇన్సులిన్ ఎంత ఉందని అడిగాను. ఉంది, చూస్కుంట అన్నాడు. ఆయన "చూస్కుంట" నాకు తెలుసు. ట్రిప్పుకు సరిపడా పెట్టుకుని వెళ్తాడు, ఒక్క ఇన్సులిన్ పెన్ను ఎక్కువ పెట్టుకోడు.

మామ యూట్యూబ్‌లో ఒకాయన మ్యాప్ మీద బాణాలు గీస్తున్నాడు. ఒక బాణం సరిగ్గా ఆ బార్డర్ మీదుగా పోయింది. నేను వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాను.


జనవరి 3, ఉదయం

పెన్ను అయిపోయింది. నిన్ననే అయిపోయిందట, చెప్పలేదు. ఫోన్‌లో ఆయన గొంతు ముద్దగా ఉంది. నాలుక అతుక్కుపోతోందట, ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరడం లేదట. దవాఖానకు పొమ్మన్నాను. బండి వదిలి కదలొద్దని కంపెనీ సూపర్‌వైజర్ అన్నాడట. ఈ రోజుల్లో వదిలేసిన బండి కనపడితే బాంబు బండి అనుకుంటారట.


జనవరి 3, సాయంత్రం

స్విచ్డ్ ఆఫ్.

సూపర్‌వైజర్‌కు చేశాను. లైన్ కదులుతోంది, పరేషాన్ కావొద్దన్నాడు. ఎంబసీ హెల్ప్‌లైన్ వాళ్లు వివరాలు రాసుకున్నారు. ఆయన తోటి డ్రైవర్ల నంబర్లు నా దగ్గర ఒక్కటీ లేవు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్క నంబర్ అడగలేదు.

ఫోన్‌లో పాత ఫొటోలు తిప్పుతుంటే ఒకటి కనపడింది. పోయిన ఏడాది పంపింది. బార్డర్‌కు సౌదీ వైపు చాయ్ హోటల్, మునవ్వర్ పక్కన ఒక సన్నటి మనిషి. కింద రాశాడు: ఈయన గోపాల్‌పేట దానియేలు, ఇక్కడ లారీల యార్డులో క్లీనింగ్ పని, మన పాలమూరు మాట వినేసరికి ఏడ్చినంత పని చేసిండు.

గోపాల్‌పేట అంటే వనపర్తి అవతలే. రేపు ఆదివారం. క్రైస్తవుడైతే చర్చిలో అడిగితే తెలుస్తుంది.

మామకు చెప్పాను. టీవీ ముందు నుంచి లేచి పొద్దున బస్సు ఎన్నింటికో చెప్పాడు. ఇప్పటికీ టైములు మరిచిపోలేదు.


జనవరి 4, ఆదివారం

వనపర్తిలో బస్సు మారి గోపాల్‌పేట చేరేసరికి చర్చిలో పాట అయిపోవస్తోంది. బుర్ఖాతో గుమ్మం దగ్గర నిలబడ్డాను. అందరూ తిరిగి చూశారు. ప్రార్థన ముగించి పాస్టరు ఇమ్మానుయేల్ గారే బయటికి వచ్చారు. ఫొటో చూడగానే గుర్తుపట్టారు. దానియేలు భార్య పేరు పుష్పమ్మ. చివరి వరసలో కూర్చున్న ఆమెను పిలిచారు.

ముప్పై ఏళ్లు ఉంటాయేమో. మొహం గట్టిగా ఉంది. నేను చెప్పిందంతా విని నవ్వింది. అది నవ్వు కాదు.

"క్రిస్మస్‌కు వస్తనని రాలే. అప్పటిసంది నేను ఫోన్ ఎత్తుతలేను. నాకే దిక్కులేదు, నీ మొగున్ని ఎతుకుతడా అక్కా?" అంది.

షుగర్ ఎక్కువైతే మనిషి నిద్రలోకి పోతాడనీ, ఆ నిద్రలో నుంచి లేవడనీ చెప్పాను. మా అమ్మ అట్లాగే పోయిందని చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను.

పుష్పమ్మ నన్ను తన ఇంటికి తీసుకుపోయింది. వాకిట్లో పల్లికాయ ఆరబోసి ఉంది. చాప వేసింది. ఫోన్ తీసి చాలాసేపు చేతిలో పట్టుకుంది. తర్వాత కలిపింది.

మొదటి రింగుకే ఎత్తాడు.

ఆమె ఎట్లున్నవని అడగలేదు. "ఒక పని చెప్త, చేస్తవా?" అంది. అవతల నుంచి "చెప్పు, చెప్పు" అని వినపడింది. ఆ మనిషి గొంతులో సంతోషం విని నాకే సిగ్గయింది.

ఇవాళ దానియేలుకు డ్యూటీ లేదు. క్లీనింగ్ గ్యాంగ్‌తో కలిసి వెళ్తే తప్ప యార్డులోకి రానివ్వరట. అయినా పోతానన్నాడు. పెట్రోల్ పంపు దగ్గర మందుల షాపులో ఇన్సులిన్, సూదులు కొన్నాడు. ఎట్లాగో లోపలికి పోయి మళ్లీ ఫోన్ చేశాడు. యార్డులో ట్రెయిలర్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఎట్ల గుర్తుపట్టాలి అని అడిగాడు. నంబర్ నాకు తెలియదు. అద్దానికి ఆకుపచ్చ రుమాలు కట్టి ఉంటుందన్నాను. ఫొటోలు తీసి పంపు తమ్ముడూ, నేను చూసి చెప్తాను అన్నాను.

నేనే అన్నాను.

పుష్పమ్మ ఫోన్‌కు ఫొటోలు రావడం మొదలైంది. తెల్ల బండి, నీలం బండి, మళ్లీ తెల్ల బండి. పుష్పమ్మ, నేను తలలు ఆనించి చూశాం. మధ్యలో ఒకసారి కాల్ చేసి ఫోన్ అట్లాగే పట్టుకుని నడిచాడు. బండ్ల మధ్య నుంచి అరుస్తున్నాడు. "గద్వాలోల్లు ఎవరన్న ఉన్నరా? మునవ్వరన్నా! గద్వాల మునవ్వరన్నా!" ఎడారిలో మన మాట. పుష్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఒక ఫొటోలో రుమాలు కనపడింది. ఇదే, ఇదే అని అరిచాను.

కాసేపటికి మెసేజ్ వచ్చింది. దొరికిండు. మాట్లాడుతలేడు. ఊపిరి ఉంది. అంబులెన్స్ పిలుస్తున్న.

పుష్పమ్మ నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. నేను నాకు వచ్చింది చదువుకున్నాను.

చీకటి పడకముందే బస్సెక్కించింది. సంచిలో పల్లికాయ పోసి ఇచ్చింది.


జనవరి 5

బతికాడు. దవాఖాన నర్సు ఫోన్ నుంచి చేశాడు. మామ సజ్దాలో నేలకు నుదురు ఆనించి చాలాసేపు లేవలేదు.

పుష్పమ్మకు చెప్దామని ఫోన్ చేశాను. ఆమె నాకన్నా ముందు అడిగింది. "అక్కా, మా ఆయన ఫోన్ కలుస్తలేదు. నీకేమన్న చేసిండా?"


జనవరి 6, మంగళవారం

ఇవాళ మునవ్వర్ కొంచెం నెమ్మదిగా మాట్లాడాడు. స్ట్రెచర్ మీదికి ఎత్తేటప్పుడు సగం తెలివి ఉందట. ఇద్దరు గార్డులు దానియేలు సంచి విదిలించి సూదులు కింద పోశారట. ఒకడు ఫోన్ తీసుకుని ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడట. బండి, బండి, బండి. దానియేలు మునవ్వర్ వైపు చూపించి ఏదో చెప్తున్నాడట, కానీ వాళ్లకు హిందీ రాదు, దానియేలుకు అరబ్బీ రెండు ముక్కలే. అంబులెన్స్ తలుపు వేసేశారట.

మధ్యాహ్నం దానియేలు రూమ్‌మేట్ పుష్పమ్మకు ఫోన్ చేశాడట. పోలీసులు పట్టుకుపోయారు. బార్డర్‌లో బండ్ల ఫొటోలు ఎవరికి పంపినవని అడుగుతున్నారట.

నా కోసం పంపాడు. గద్వాలలో పిల్లలకు అ ఆ లు చెప్పే నా కోసం.


జనవరి 7

నా ఫోన్‌కు ఫార్వర్డ్ చేసుకున్న ఫొటోలన్నీ డిలీట్ చేశాను. తర్వాత ఎందుకు చేశానా అని కూర్చున్నాను. ఆయన తప్పేమీ లేదని చూపించడానికి అవే కదా సాక్ష్యం. పుష్పమ్మ ఫోన్‌లో ఇంకా ఉన్నాయి. ఆమెకు డిలీట్ చేయమని చెప్పలేదు. చేయొద్దనీ చెప్పలేదు.


జనవరి 9, శుక్రవారం

గోపాల్‌పేట వెళ్లాను. పుష్పమ్మ ఇంట్లో లేదు, కూలికి పోయింది. చేను దాకా నడిచాను. పల్లి పీకుతోంది. నన్ను చూసినా చేయి ఆపలేదు. నేనూ ఆమె పక్కన సాలులో కూర్చుని పీకాను. కాసేపటికి తనే మాట్లాడింది.

"నువ్వు రాకపోతే నేను నా మొగుని మీద అలిగే ఉంటుంటి, అంతే. అలక ఎప్పుడన్న తీరుతుండె."

కోపంగా అనలేదు. మట్టి దులుపుతూ అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్లీ తనే అడిగింది. వాళ్లకు వాళ్లకు యుద్ధం వస్తే లోపలున్నోళ్లను ఏం చేస్తరు? ఏం చెయ్యరు అన్నాను. నీకు తెల్సా అని అడిగింది. తెల్వదన్నాను.


జనవరి 12

మునవ్వర్‌ను డిశ్చార్జ్ చేశారు. బండి ఇచ్చారు. రియాద్‌లో లోడ్ దింపి అదే బార్డర్ మీదుగా తిరిగి రావాలి.

దానియేలును పట్టుకుపోయిన పోలీసు చౌకీ దారిలోనే ఉంటుంది. ఆగి నిజం చెప్పమని నేను అడగాలి. ఆగితే ఈయన్ని కూడా లోపల వేయొచ్చు. ఆ ఫొటోలలో ఉన్నది ఈయన బండే.

మధ్యాహ్నం నుంచి ఫోన్ పట్టుకుని తిరుగుతున్నాను. మామ చూశాడు. వార్తల సౌండ్ తగ్గించాడు. తనకు కొడుకు ఒక్కడేనన్నాడు.

ఫోన్ చేశాను. అడిగాను. అడిగేటప్పుడే లోపల ఒక గొంతు, వద్దనాలి, వద్దనాలి, అంటూనే ఉంది.

"నువ్వడగకున్నా ఆగుదామనే అనుకుంటున్న. నువ్వు వద్దంటవేమో అని చూస్తున్న" అన్నాడు.


జనవరి 14

ఫోన్ లేదు.


జనవరి 15

ఫోన్ లేదు. మామ వార్తలు పెట్టలేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే ఇంకా భయంగా ఉంది. నేనే వెళ్లి పెట్టాను.


జనవరి 16, శుక్రవారం

చేశాడు. ఎమిరేట్స్ వైపు వచ్చేశాడు.

రెండు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టారట. కొట్టలేదట. దవాఖాన కాగితం చూపించాడు, చొక్కా ఎత్తి పొట్ట మీద సూది మచ్చలు చూపించాడు. ఉర్దూ కొంచెం వచ్చిన ఒక ముసలి ఆఫీసర్ విన్నాడట. ఆయనకూ షుగరేనట. దానియేలు సంగతి మాత్రం ఏమీ చెప్పలేదు. పొమ్మన్నాడు. దానియేలును చూపించలేదు.

పుష్పమ్మకు ఉన్నదున్నట్లు చెప్పాను. సరే అంది.


జనవరి 22

వార్తల్లో ఆ యూట్యూబ్ ఆయన ఇప్పుడు బంగారం ధర గురించి చెప్తున్నాడు. మ్యాప్ లేదు, బాణాలు లేవు. సౌదీ, ఎమిరేట్స్ ఏమయ్యాయని మామను అడిగాను. వాళ్లు అన్నదమ్ములే కదా, సర్దుకుంటారట. ఈ ముక్క మామకు ఎవరు చెప్పారో.

నేను మాత్రం ఫోన్ మోగితే ఇంకా చేతిలో పని వదిలేసి పరిగెత్తుతున్నాను.


జనవరి 28, బుధవారం

పుష్పమ్మ ఫోన్. దానియేలును విమానం ఎక్కించారట. మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టకూడదని వేలిముద్రలు తీసుకున్నారట. సామాను ఇవ్వలేదు, రావాల్సిన జీతం ఇవ్వలేదు. శంషాబాద్‌లో వేరే ఎవరి ఫోన్ నుంచో చేశాడట. "ఆకలైతుందన్నడు అక్కా" అని పుష్పమ్మ ఏడ్చింది. ఇన్ని రోజుల్లో ఆమె ఏడుపు వినడం ఇదే మొదలు.


ఫిబ్రవరి 1, ఆదివారం

ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. భోజనానికి నేనే పిలిచాను. మామ గేటు దాకా వెళ్లి దానియేలును కావలించుకున్నాడు.

దానియేలు ఫొటోలో కన్నా సన్నగా ఉన్నాడు. కళ్లెత్తి చూడలేకపోయాను. తనే పలకరించాడు. "అన్నకు షుగర్ ఎట్లుంది వదినె?"

బాగుందని చెప్పాను. రేపు మళ్లీ రియాద్ లోడ్ ఉందని చెప్పలేదు.

అన్నం కలుపుతూ అడిగాడు. "లోపల ఎవ్వరు ఏం చెప్పలే. యుద్ధం అయిందా వదినె?"

కాలేదన్నాను.

చేయి ఆగింది. "మరి నన్నెందుకు పట్టిండ్రు?"

ఇంకొంచెం కూర వేశాను. చాలన్నాడు.