సోమవారం బండి కట్టకు

పూజ్యులైన అన్నయ్యకు తమ్ముడు మల్లయ్య పాదాభివందనాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, పిల్లలు సుఖంగా ఉన్నారని తలుస్తాను. అమ్మ దగ్గు తగ్గిందా?

నేను బాగానే ఉన్నానని మళ్లీ రాస్తున్నాను, నమ్ము. పటాన్‌చెరులో చలి ఎముకలు కొరికేస్తోంది. మా నూనె మిల్లు మూతపడి నెల దాటింది. మిషన్ పట్టాలో రహీం భాయి చెయ్యి నలిగితే సేఠు ఆయన్ని పనిలోంచి తీసేశాడు. తిరిగి తీసుకునేదాకా పని ముట్టమని మేమంతా సమ్మె కట్టాం. గేటు ముందు ఎంత అరిచినా సేఠుకు చీమ కుట్టినట్టయినా లేదు. సంగారెడ్డి గంజి మార్కెట్లో రైతుల పంట కొనే ఆయన అడ్తి దుకాణం నడుస్తూనే ఉంది, ఆముదపు గింజలు వేరే మిల్లులకు పోతున్నాయి. అందుకే ఇప్పుడు ఆ దుకాణం ముందు పికెటింగు చేస్తున్నాం. రైతు బండి వస్తే ఎడ్ల ముందు అడ్డంగా పడుకోవాలి. రోజుకొకరి వంతు.

పోయిన వారం నా వంతులో లక్డారం రైతు ఒకాయన నా మీద విరుచుకుపడ్డాడు. "లేవురా! నీ కొట్లాట సేఠుతోని, నా ఆముదాలేం జేసినయి?" కళ్లు మూసుకుని పడుకున్నాను. ఆయన తిట్టి తిట్టి బండి మళ్లించుకుపోయాడు. రహీం భాయి భార్య పంపిన జొన్నరొట్టె ఆ రోజు తినకుండా మూటలోనే ఉంచి ఏడ్చాను.

తప్పు నాదే అన్నయ్యా. పనిలో చేరిన కొత్తలో సేఠు గుమస్తా ఊరూ పేరూ అడిగితే, మా అన్న ఆముదాలు పండిస్తాడని గొప్పలు పోయాను. అందరి ఊళ్లూ ఆయన దగ్గర రాసి ఉన్నాయి. వంతులేమో మేమే దుకాణం ఎదుటి గోడ మీద బొగ్గుతో రాసుకున్నాం. అది చూసి గుమస్తా, ఎవరి వంతు వస్తే వాళ్ల ఊరి బండ్లనే పిలిపిస్తున్నాడు. నిన్న మాతో పనిచేసే సాయిలు తన మేనమామ బండి చూసి లేచిపోయాడు. వెనకే పది బండ్లు లోపలికి పోయాయి. "ఇంకొక్కడు లేస్తే ఇగ మన పని ఖతం" అన్నాడు రహీం భాయి, నావైపు చూడకుండా.

సోమవారం మళ్లీ నా వంతు. ఆ రోజు బండి తెమ్మని నీకు గుమస్తా కబురు వచ్చే ఉంటుంది. వంతు మార్చమని అడిగితే జంకాననుకుంటారు. కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను, ఆ రోజు బండి కట్టకు. ఆముదాలు చెడిపోయేవి కావు, కొన్నాళ్లు ఇంట్లోనే ఉండనీ.

వదినకు నమస్కారాలు, అమ్మకు దండాలు, పిల్లలకు దీవెనలు. ఇల్లు గడవక రావలసే వస్తే రా, కోపం చేసుకోను. కానీ నన్ను "తమ్మీ" అని మాత్రం పిలవకు. పిలిస్తే లేస్తాను.

నీ దీవెన కోరే
మల్లయ్య