కిష్టవ్వ పేరు మీద

8 జూలై 1991, సోమవారం. గోదావరిఖని.

రొమ్ములో గడ్డ క్యాన్సరే. బయాప్సీ రిపోర్టు చూసి కంపెనీ ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పింది. తొందరగా పట్టుకున్నాం, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేస్తే బతుకుతావంది. పోయినేడు మా క్వార్టర్ల లైన్లో లింగవ్వకు ఇదే వస్తే, బయటి వైద్యం కంపెనీ భరించదన్నారు. లింగవ్వ చచ్చిపోయింది. ఇప్పుడు రూలు మారిందట. కార్మికుడి భార్యకైతే ఖర్చంతా కంపెనీదే. నా ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది.

అదే రోజు, సాయంత్రం.

మా ఆయన అన్నం ముట్టలేదు. కంపెనీ లెక్కలో నేను ఆయన భార్యను కాను. బొగ్గుబాయిలో ఉద్యోగం వచ్చింది ఆయన అన్నకు, మా బావకు. ఒక్కరోజు దిగి, చీకటికి జడిసి చొప్పదండికి పారిపోయాడు. ఆ పేరుతో మా ఆయన దిగాడు, ఇప్పటికీ దిగుతున్నాడు. మా లైన్లలో ఇలాంటి మారుపేర్లు బోలెడు. కంపెనీ కార్డులో భార్య పేరు మా తోటికోడలు కిష్టవ్వది. హైదరాబాద్‌కు రాసిచ్చేది కిష్టవ్వకే. నా పేరు చెబితే ఆయన ఉద్యోగం ఊడుతుంది. ఇది ఎవరైనా చదివితే కొంప మునుగుతుంది. అయినా రాస్తున్నాను, ఎవరితో చెప్పుకోను?

11 జూలై.

చొప్పదండి వెళ్లాను. చెప్పకుండా కిష్టవ్వ పేరుతో ఆపరేషన్‌కు వెళ్తే, రేపు ఆమె ఊళ్లో నోరు జారితే అంతే సంగతులు. బావ తలొంచుకుని బీడీ కాల్చాడు. కిష్టవ్వక్క ముఖం మాడ్చుకుంది.

“నా పేర గంత పెద్ద రోగం రాయిపిస్తవా అనసూర్యా? రేపు గది నన్నే పడ్తే?”

రోగానికి చదువొచ్చా, పేరు చూసి పట్టడానికి? అదే మొహం మీద అనేశాను. చాయ్ తాగకుండా బస్సెక్కాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు.

12 జూలై.

ఆమె భయం నాకు అర్థమవుతోంది. అర్థమైనందుకు ఇంకా ఒళ్లు మండుతోంది.

14 జూలై, ఆదివారం.

పొద్దున్నే అక్క దిగింది. సంచిలో బట్టలు, సర్వపిండి. కళ్లు వాచి ఉన్నాయి. నీ పిరికితనానికి నా చెల్లె సావాల్నా అని బావను తిట్టిపోసిందట. తన భయం మాత్రం పోలేదట. కొండగట్టు అంజన్నకు ముడుపు కట్టి వచ్చింది.

“పేరు తీస్కపో. గానీ నిన్నొక్కదాన్ని పోనియ్య చెల్లె. నా పేరు ఏడికి వోతే నేనాడికి వస్త.”

ఆమెను పట్టుకుని గట్టిగా ఏడ్చాను. నాకు బతకాలని ఉంది.

31 జూలై. హైదరాబాద్.

గడ్డ మొత్తం తీసేశారట. కిష్టవ్వా, నొప్పిగా ఉందా అని నర్సు అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్కనుంచి అక్క, జర ఉన్నదమ్మా అంది.