ఎనిమిది పాటలు, ఒక సంతకం

మార్చి 3, మంగళవారం

కొడుకు గిటార్ విరగ్గొట్టి పదకొండు రోజులు. గోడకేసి రెండు దెబ్బలు, మోకాలి మీద మూడోది. అడ్డం వచ్చిన శ్రీకాంత్‌కీ ఒకటి పడింది — పెదవి చిట్లింది. ఇరవై నాలుగేళ్ల కొడుకు... చెయ్యెత్తి ఆపలేదు. అదే ఇంకా మండిస్తోంది. మందమర్రిలో మా చెల్లె ఇంట్లో ఉన్నాడు. ఫోన్ ఎత్తడు.

నేను మెడికల్ అన్‌ఫిట్ అని దిగిపోతే బొగ్గు బావిలో నా ఉద్యోగం వాడికొస్తుంది. కాగితంలో వాడి సంతకం ఒక్కటే తక్కువ. వాడికేమో పాటలు కావాలి.

మార్చి 5, గురువారం

నా భార్య సరోజన మందమర్రి పోయి కొడుకును చూసి వచ్చింది. ఇయర్‌ఫోన్లు తెచ్చింది. ఏదో ఇంగ్లిష్ రాక్ ఆల్బమ్ నా ఫోన్‌కు పంపాడట. యాభై ఏళ్ల నాటిదట, లోకమంతా నెత్తిన పెట్టుకుందట. దాంతోపాటు వాడి షరతు: "బాపును మొదటికెల్లి ఆఖరుదాక ఒక్కసారి ఇనుమను. ఇన్నంక గూడ ఉత్త చప్పుడే అంటే సంతకం పెడ్త."

నాకే షరతులు. ఎదురుగా ఉంటే ఇంకోటి తగిలించేవాణ్ణే.

"కొట్టుడు తప్ప నీకేమొస్తది" అంది సరోజన. చాయ్ గ్లాసు గోడకు విసిరాను. ముక్కలు ఆమే ఏరింది.

మార్చి 6, శుక్రవారం

విన్నా. ఎనిమిది పాటలు.

ఇంతేనా?

ఇరవై ఏడేళ్లుగా బావిలోకి దిగి, బొగ్గుకు తూటాలు పెట్టి పేల్చిన చేతులివి. షాట్‌ఫైరర్‌ని. నన్ను అదరగొట్టేది ఇందులో ఏముంది? డ్రమ్ము దబదబ, ఎవడో గొంతు చించుకోవడం, మధ్యమధ్య ఏమీ లేని పెద్ద పెద్ద ఖాళీలు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. దీనికోసమా నా కొడుకు నెత్తురు కళ్లజూసింది... బల్లను గుద్దా.

అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. చప్పుడే అని చెప్తే చాలు. గెలిచినట్టే. మరి సంతోషం రాదేం?

మార్చి 7

వేలు వాచింది. డ్యూటీ చేశా.

మార్చి 9, సోమవారం

ఫస్ట్ షిఫ్టు అయ్యాక చాయ్ హోటల్. మా గ్యాంగు కొమురయ్య, ఆ పాటలు తానూ వింటానని ఇయర్‌ఫోన్ ఒకటి లాక్కున్నాడు. ఎడమది. కాసేపు తల ఊపి, గిటార్ మస్తు కొట్టిండన్నా, అన్నాడు. ఏం గిటార్? ఆ ఎనిమిది పాటల్లో నేనైతే గిటార్ వినలేదు. వెక్కిరిస్తున్నాడనుకున్నా. కాలర్ పట్టి గోడకు గుద్దా. బల్ల తిరగబడింది. వాడి ముక్కులోంచి రక్తం. నలుగురు కలిసి నన్ను లాగారు.

"నీ ఎడమ చెవి పోయి మూడేండ్లాయె, మర్చినవా అన్నా?" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "గిటార్ మొత్తం గీ ఎడమ దాంట్లనే ఉన్నది."

ఆరు తూటాలు పెడితే ఆరు చప్పుళ్లు లెక్కపెట్టాలి. ఒకటి తగ్గితే లోపలికి ఎవరూ పోవద్దు, పేలనిది అక్కడే ఉంటుంది. కొత్తగా వచ్చే ప్రతివాడికీ ఈ మాట చెప్పేది నేనే. సగం విని, అయిపోయిందని లేచిందీ నేనే.

మార్చి 10, మంగళవారం

ఎడమది తీసి కుడి చెవిలో పెట్టుకున్నా.

ఉంది గిటార్.

నచ్చిందా? లేదు. ఇప్పటికీ అదే మాట, జనం పొగిడినంత ఏమీ లేదు. సాగదీత. కానీ ఐదో పాటలో ఒక ముక్క — ఏడాదిగా రోజూ సాయంత్రం మా నడిమి అర్రలోంచి వినిపించింది అదే. ఒక్కచోట తడబడేవాడు, మళ్లీ మొదటికొచ్చేవాడు. నేను గిటార్ విరగ్గొట్టిన రోజు తడబడలేదు. చివరిదాకా వాయించాడు. నేను తలుపు తన్నింది సరిగ్గా అప్పుడే.

సిగ్గేస్తోంది. కొట్టిన చెయ్యిని బండకేసి బాదుకోవాలనుంది.

కొమురయ్య ఇంటికి పోయా. తలుపు తీయలేదు.

మార్చి 15, ఆదివారం

శ్రీకాంత్ వచ్చాడు. పెదవి మానింది, గీత మిగిలింది. కాగితం బల్ల మీదే ఉంది, పక్కన పెన్ను. చప్పుడే అన్నానంటే సంతకం పెడతాడు, ఉద్యోగం ఇంట్లోనే ఉంటుంది. కాదన్నానంటే ఉద్యోగం నాతోనే పోతుంది, నా తర్వాత ఈ కంపెనీ క్వార్టరూ ఉండదు. సరోజన వంటింటి గుమ్మంలో నిలబడింది, నా చేతుల వంకే చూస్తోంది.

నా ఎడమ పక్కకు వచ్చి అడిగాడు వాడు.

"ఏమంటవ్ బాపు? ఉత్త చప్పుడేనా?"

కుడి చెవికి బాగానే వినిపించింది. వినపడనట్టు ఆ చెవినే వాడి వైపు తిప్పా, ఇంకోసారి అడగనీ అని.