డర్బన్ రేవులో అడిగి తిట్టించుకున్న ముసలావిడ

ఆదివారం, బ్రిక్‌ఫీల్డ్స్

ఆఫ్రికా ఓడ ప్రయాణం ఫొటోలు ఈరోజు మా అమ్మాయి లతకు చూపించాం. మా ఆయన తీసిన సింహాలన్నీ చూసి, "నువ్వెక్కడమ్మా?" అని ఇంగ్లీషులో అడిగింది. నేను సఫారీకి వెళ్లనే లేదని అప్పుడు చెప్పాను.

ఓడ డర్బన్‌లో ఆగినప్పుడు, రేవు పక్కన పూసలమ్మే ముసలావిడ ముందు నిలబడి ఆయనతో, "ఏటి బావా, ఈ ఎర్రయి బాగున్నాయి గదా" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టేసుకుంది.

"ఏటన్నావమ్మా? మాయమ్మ పోయినకాడ్నించీ ఈ మాట ఇననేదు."

మావాళ్లు ఊరొదిలి కూలిపనికి ఇక్కడి సుంగై సుమున్ ఎస్టేటుకు వచ్చినట్టే, వాళ్ల తాతలు అక్కడి చెరకు తోటలకు వచ్చారట. ఆయన్ని సఫారీ బస్సెక్కించి, నేను ఆవిడ పక్కనే కూర్చుండిపోయాను.

లేచే ముందు ఆవిడ, "మాయమ్మలాగ నన్నోపాలి తిట్టవా?" అంది.

మా అమ్మ గొంతు తెచ్చుకుని, "ఎండలో కూకున్నావేటే, బుద్ధి నేదా?" అన్నాను. ఆవిడ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

లత అంతా విని, ఇక్కడి ఇంగ్లీషు యాసలో "పాపం లా" అని ఫోను తీసుకుంది. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. ఆ ముసలావిడ వయసొచ్చాక నాకూ అలా తిట్టించుకోవాలనిపిస్తే ఎవరిని అడగాలి?