గరిటె మా చౌడేశ్వరికి తిరిగి ఇప్పించుట గురించి

మండల విద్యాధికారి గారి సముఖమునకు, గొర్రెల కాపరి కురుబ తిప్పయ్య (వయసు 68, ఐదో తరగతి) రాసుకున్న అర్జీ.
తేది: 10-6-2005

అయ్యా,

విషయం: నా ముక్కు మీది పుండు అంటురోగము కాదని తేలినందున, బడిలో మధ్యాహ్న భోజనము వండు పని నా కూతురు చౌడేశ్వరికి మరల ఇప్పించుట, మరియు తమ గుమాస్తా గంగాధరప్పకు తగిన శాస్తి చేయుట గురించి.

తమరు, తమ పిల్లాపాపలు చల్లగా ఉండాల. నా సంతోషం ఎంతంటే, బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా బడి అరుగు మీదనే కూచొని ఇది రాస్తాండాను.

1. నేను యాభై ఏండ్లుగా గొర్రెలు మేపుకొని బతుకువాడను. కంబళి వానకు, చలికి. ఎండకు తలగుడ్డ ఉన్నా, అది అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలను మూట గట్టి మోసేదానికే సరిపోయెను.

2. నా ముక్కు పైన గరుకుమచ్చ పుట్టి, పుండై, మానకుండెను. పోయిన ఆగస్టులో నేను నా బిడ్డ పొయ్యికి కట్టెలు తెచ్చి వేయుచుండగా తనిఖీకి వచ్చిన గంగాధరప్ప, పిల్లోళ్లు పంక్తిలో ఉండగానే, "ఏమప్పా, మొగాన పెద్దరోగం పెట్టుకొని ఈడేం పని నీకు? నీ బిడ్డ చేతి కూడు తినాల్నా పిల్లోళ్లు?" అని, నా బిడ్డ చేతి గరిటె గుంజుకొని, పప్పంతా పారబోయించి, ఆమెను పని మాన్పించెను.

3. ఎరువుకని బతిమాలి నా మందను చేనులో పండబెట్టుకొనే రైతులు, గొర్రెలకూ రోగమన్నట్టు మొగం తిప్పుకొనిరి. పది నెలలు. చౌడేశ్వరి ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకింత కోపం ఉండేది కాదు.

4. అనంతపురం పెద్దాసుపత్రిలో పుండు కోసి పరీక్షకు పంపినారు. ఈ పొద్దు కాగితం వచ్చినది. డాక్టరమ్మ నా చొక్కా తీయించి, "కడుపు చూసుకో పెద్దాయనా, చంటిబిడ్డ తోలు. మెడ చూడు, బీటలు. రెండింటికీ ఒకటే వయసు. తేడా ఎండది" అనెను. కంటికి కనపడని కిరణాలు దినమూ కొంచెం తోలు లోపల పాడు చేస్తాయంట, మబ్బున్నా దిగుతాయంట, ఏండ్లకు అది కాన్సరు పుండై తేలుతుందంట. అంతా కోసేసినారంట, ఎవరికీ అంటదంట. "కాన్సరా తల్లీ, చాలా సంతోషం" అంటే ఆమె నన్ను పిచ్చోని మాదిరి చూసెను. పెద్దరోగమే, అదే కుష్టే, అయినా మందుతో పోతుందనీ, దానికి గరిటె గుంజే పనే లేదనీ చెప్పెను.

కావున బడి తెరిచిన దినమే నా బిడ్డను పొయ్యి దగ్గర నిలబెట్టవలెను. గంగాధరప్పకు బదిలీ వద్దు. వేరే ఊరికి పోతే మేం చూసేదెట్లా? పిల్లోళ్లు అరుగు నీడన, ఆయన మాత్రం వాకిట ఎండన, నేల మీద అన్నానికి కూచోవాల. చౌడేశ్వరి వడ్డించాల. మారు వడ్డిస్తే వద్దనకూడదు. ఊరంతా నిలబడి చూడాల.

ముసలోని మాటలని పక్కన పెట్టక, ఆసుపత్రి కాగితంతో కలిపి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ముక్కున నాలుగు కుట్లతో,
తిప్పయ్య

మళ్లా: ఒకటి మరిచినాను. ఆ దినం గరిటెకు వంగినప్పుడు చూసినాను, గంగాధరప్ప బట్టతల మీద నాకు మొదట లేచినట్టే గరుకుమచ్చ ఉండాది. దినమూ ఎండలో మోటారుసైకిలు తోలే మనిషి. డాక్టరమ్మకు చూపించుకోమనండి. అన్నం తిన్నంక చెప్పండి. కాదు, ముందే చెప్పండి. ఆయన విస్తరి కూడా నీడలోనే వేయించండి. మారు వడ్డన మాత్రం తగ్గించేది లేదు.