కెమెరా మీది వేలు

మస్కట్

చెల్లె పద్మకు,

అన్న ప్రేమతో రాస్తున్నాను. కోరుట్లలో నువ్వు, అవ్వ, నా బిడ్డ విమల ఎట్లున్నారు? మర్యాదకు అడగడం లేదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను. నేను బాగానే ఉన్నాను. అవ్వకు అట్లనే చెప్పు, బాగానే ఉన్నాను. ఎండ ఇంకా తగ్గలేదు. పొద్దున కుబూస్ రొట్టె, రాత్రి పప్పు. కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే పని సాగుతోంది.

జగిత్యాలలో ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన విద్యార్థుల రాస్తారోకో మీద పోలీసు లాఠీలు లేచాయని నెట్‌లో చదివాను. విమల కాలేజీ అక్కడే. సరిగ్గా అప్పటినుంచే, శుక్రవారాలు నేను మిమ్మల్ని చూసే మన ఇంటి కంప్యూటర్ కెమెరా చెడిపోయింది!

ఆ కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే లినక్స్ వేసింది నేనే. దొంగ కాపీ వద్దు, కంపెనీలకు కప్పం వద్దు అని మీ అందరితో కొట్లాడి మరీ వేశాను. అందుకే ఫోన్‌లో నువ్వు "కెమెరాను గుర్తు పడ్తలేదన్నా, గా లినక్సే గట్ల" అంటే నమ్మాను. పాత కెమెరాలతో అది మొండికేస్తుంది, నిజమే. ఆదేశాలు కొట్టే టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బి అని కొట్టి చదవమన్నాను. తగిలించిన వస్తువుల పేర్లన్నీ అది చెబుతుంది. నువ్వు చదివిన వాటిలో కెమెరా పేరుంది. అయితే కెమెరాను నడిపే డ్రైవర్ ప్రోగ్రాం లోపమనుకుని, దాన్ని తీయించి మళ్లీ ఎక్కించాను. వైరు పీకి వెనకవైపు పెట్టించాను. అయినా నా తెర మీద నలుపే.

అక్కడే నాకు భయం పట్టుకుంది. డ్రైవర్ లేకపోతే 'కెమెరా లేదు' అని రావాలి, నలుపు రాకూడదు. నలుపు వస్తోందంటే కెమెరా పనిచేస్తోంది, దానికి ఏదో అడ్డం ఉంది. పోయిన శుక్రవారం విమల "బాగనే ఉన్న బాపు, ఫికర్ చెయ్యకు" అన్నప్పుడు ఆ నలుపు అంచున ఎరుపు కదిలింది. వెలుతురుకు అడ్డం పెట్టిన వేలు అట్లాగే ఎర్రబడుతుంది.

నా గదిలో ఉండే ఎల్లారెడ్డిపేట గంగన్నకు చెప్పాను.

"బిడ్డను రోడ్డెక్కుమన్నది నువ్వే గదనే. ఇప్పుడు గీడ గజగజ వణుకుతున్నవ్."

"ఎక్కుమన్న. మల్ల గూడ ఎక్కుమంట. నేను వణికితే రాష్ట్రం అడుగుడు తప్పయితదా?"

"ఎవలన్నరే తప్పని? ముందుగాల అన్నం తిను."

కంచం పక్కన పెట్టి ఈ ఉత్తరానికి కూర్చున్నాను. ఇక్కడికి రాకముందు సిరిసిల్ల గోడల మీద 'భయం విడవండి' అని రాయించినవాణ్ణి నేనే. ఆ మాట ఇప్పటికీ సరైనదే. కానీ పిల్లల మీద కర్ర ఎత్తినవాడు కదా ముఖం దాచుకోవాల్సింది, నా బిడ్డ ఎందుకు దాచుకోవాలి? దెబ్బ ఎక్కడ తగిలింది, కన్నా? దవడా? మీ వదిన పోయినప్పటినుంచి దానికి తల్లివి నువ్వే. నేను తట్టుకోలేనని దాస్తున్నావు. నువ్వు దాచినకొద్దీ ఆ నలుపులో నేనే ఒక్కో దెబ్బ ఊహించుకుంటున్నాను. నిన్న ఒక కన్ను పోయిందనుకున్నాను. ఇవాళ రెండూ.

గంగన్న సెలవు మీద వస్తున్నాడు, ఈ ఉత్తరం అతనికే ఇస్తున్నాను. కొత్త కెమెరా కొని అతని పెట్టెలో పెట్టి, మళ్లీ తీసేశాను. పాతది బాగానే ఉంది. తిరుగు ప్రయాణంలో అతనితో సిరిసిల్ల తువ్వాలలు రెండు పంపు.

అవ్వకు దండాలు. ఈసారి దీవెన నాకొద్దు, విమలకివ్వమను. ఈ నాలుగు మాటలు దానికే చదివి వినిపించు:

బిడ్డా, శుక్రవారం కంప్యూటర్ ముందు కూర్చుంటాను. కట్టుంటే కట్టుతోనే, కుట్లుంటే కుట్లతోనే రా. బాపు చూడగలడు. ఆ వేలు తియ్యి.

మీ క్షేమం కళ్లారా చూడాలని కోరే
అన్న మల్లేశం